పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి – మూడో పాఠం: విండోస్ లైసెన్స్

పోయిన పాఠంలో ఫోటోలు, ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకున్నాం. పాత మిషన్‌కు ఇంకా ఫార్మాట్ కొట్టలేదు కదా? ఇవాళ సగం పని దాని మీదే ఉంది.

కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో కంపెనీవాళ్లే విండోస్ వేసి ఇచ్చుంటే ఈ పాఠం వదిలేయండి. లైసెన్స్ దాంతోపాటే వచ్చింది. ఇది అసెంబుల్డ్ కంప్యూటర్ చేయించుకున్నవాళ్లకు, డాస్‌తోనో లైనక్స్‌తోనో వచ్చే ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత మిషన్‌ను పక్కన పెట్టేస్తే, దాని కోసం డబ్బు పెట్టి కొన్న లైసెన్స్ సంగతేంటి? అది ఏ రకం లైసెన్సో తెలిస్తే తప్ప ఏమీ చెప్పలేం. చాలామంది ఇది చూసుకోకుండానే కీ (విండోస్ కొన్నప్పుడు ఇచ్చే 25 అక్షరాల కోడ్) కోసం బీరువాలన్నీ వెతుకుతారు.

పాత మిషన్‌లో స్టార్ట్ మెనూ తెరిచి సీఎండీ అని టైప్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్ అని వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' నొక్కండి. నల్లటి విండోలో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి కొట్టి, ఒక స్పేస్ వదిలి, స్లాష్ పెట్టి, దానికి ఆనించి డి, ఎల్, ఐ కొట్టండి. స్లాష్ అంటే క్వశ్చన్ మార్క్ మీట మీద ఉండేది, రెండోది కాదు. ఎంటర్ నొక్కాక కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ కొట్టకండి, తర్వాత అన్ని పెట్టెలూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి.

వచ్చిన పెట్టెలో 'డిస్క్రిప్షన్' అనే వరస చూడండి.

దాని చివర ఓఈఎం (మిషన్‌తోపాటే వచ్చిన లైసెన్స్) అని ఉంటే ఆ లైసెన్స్ కదలదు. పొలంలో బావి లాంటిది అది: పొలం అమ్మితే బావీ పోవాల్సిందే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీ మిషన్లలో కీని మదర్‌బోర్డు మీది చిప్‌లోనే రాసి పంపుతున్నారు. అందుకే విండోస్ 7 రోజుల్లోలా కీ ఉన్న స్టిక్కర్ ల్యాప్‌టాప్ కింద కనిపించదు. ఆ కీని బయటికి తీసే ఉపాయాలు చెప్పేవాళ్లున్నారు. ఒకవేళ అది వేరే మిషన్‌లో పనిచేసినా, లైసెన్స్ షరతుల ప్రకారం చెల్లదు.

వాల్యూమ్ అని ఉందా? అది కంపెనీలకు, కాలేజీలకు టోకున ఇచ్చే లైసెన్స్. మీ సొంత మిషన్‌లో అలా కనిపిస్తే, షాపతను ఏదో యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండానే విండోస్ నడిపించే దొంగ ప్రోగ్రామ్) నడిపి ఉంటాడు, లేదా ఐదారు వందలకు దొరికిన కీ వేసి ఉంటాడు. మార్చుకోవడానికి అక్కడ మీదంటూ ఏమీ లేదు.

రీటెయిల్ (మిషన్‌తో కాకుండా విడిగా కొన్న లైసెన్స్) అని ఉంటే ముందుకు వెళ్దాం. దీన్ని ఇంకో మిషన్‌కు మార్చుకోవచ్చు, కానీ ఒకసారికి ఒక మిషన్‌లోనే వాడాలి. అదే పెట్టెలో 'పార్షియల్ ప్రొడక్ట్ కీ' అని ఐదు అక్షరాలు ఉంటాయి. అవి ప్రో ఎడిషన్‌లో 3, వి, 6, 6, టి అయితే (హోమ్ ఎడిషన్‌లో 8, హెచ్, వి, ఎక్స్, 7) అది అందరికీ ఒకటే ఉండే కీ, దాన్ని రాసుకుని లాభం లేదు. మీది డిజిటల్ లైసెన్స్ అన్నమాట, అంటే కీ బదులు మీ మిషన్ పేరు మీద మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉండేది. వేరే అక్షరాలుంటే, కొన్నప్పుడు డబ్బాలోనో మెయిల్‌లోనో వచ్చిన 25 అక్షరాల కీ చివర ఇవే ఉన్నాయేమో పోల్చి చూడండి.

కీ చేతిలో ఉన్నవాళ్ల పని తేలిక. పాత మిషన్‌లో ఇందాకటి కమాండే, చివర డి ఎల్ ఐ బదులు యు, పి, కె కొడితే కీ తొలగిపోతుంది. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ఇలా తీసేయగానే మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో పాత మిషన్ పేరు కొట్టేస్తారనుకుంటారు. ఆ కబురు అక్కడికి చేరదు, మార్పంతా మీ మిషన్‌లోనే. అందుకే కొత్తదాంట్లో ఆ కీ కొట్టినప్పుడు, ఇప్పటికే వేరే మిషన్‌లో వాడారని సర్వర్ మొరాయించవచ్చు. అప్పుడు టెన్షన్ పడక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కు పాతదాంట్లో వాడకం ఆపేశానని చెప్పండి. కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి.

డిజిటల్ లైసెన్స్ వాళ్లకు పాత మిషన్ ఆన్‌లో ఉండగానే ఒక పని ఉంది. విండోస్ 10 అయితే సెట్టింగ్స్‌లో 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ', 11 అయితే 'సిస్టమ్', దాంట్లో 'యాక్టివేషన్'కు వెళ్లండి. డిజిటల్ లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ అయినట్టు అక్కడ ఉండాలి. లేకపోతే అక్కడే అకౌంట్ కలపండి. ఇది చేయకముందే డిస్క్ తుడిచేస్తే, కొత్త మిషన్‌లో పట్టుకోవడానికి ఆధారం దొరకదు.

తర్వాత కొత్త మిషన్‌లో విండోస్ వేసేటప్పుడు కీ అడిగితే లేదని చెప్పి, పాతదాంట్లో ఉన్న ఎడిషన్‌నే ఎంచుకోండి. హోమ్ లైసెన్స్‌తో ప్రో యాక్టివేట్ కాదు. అడ్మినిస్ట్రేటర్‌గా అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, మళ్లీ యాక్టివేషన్ పేజీకి వెళ్లి 'ట్రబుల్‌షూట్' నొక్కండి. విండోస్ యాక్టివేట్ కానప్పుడే ఆ బటన్ ఉంటుంది. అందులో 'ఐ ఛేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైజ్ రీసెంట్లీ' ఎంచుకుంటే మీ మిషన్ల జాబితా వస్తుంది. పాతదాని పేరు ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదే అన్న చోట టిక్ పెట్టి యాక్టివేట్ నొక్కండి. జాబితాలో అన్నీ 'డెస్క్‌టాప్' అని మొదలై ఏవో అక్షరాలతో ఉంటే ఏది ఏదో తెలియదు, కాబట్టి పాత మిషన్ పేరు ముందే రాసుకోండి. అది సెట్టింగ్స్‌లో 'సిస్టమ్' కింద 'అబౌట్'లో ఉంటుంది.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఇంట్లో ఉన్న ప్రతి విండోస్ మిషన్‌లోనూ డి ఎల్ ఐ కమాండ్ నడిపి మిషన్ పేరు, ఎడిషన్, లైసెన్స్ రకం ఒక కాగితం మీద రాసి పెట్టండి. నాలుగో పాఠంలో ప్రోగ్రామ్‌ల లైసెన్సుల పని పడదాం. మొదట ఆఫీస్.