పరిశోధన బృందంలో సహానుభూతి: మూడవ పాఠం – ఇద్దరిలో ఒకరికే తెలిసిన ఉత్తరం

ఎదుటివారి మాటను మధ్యలో తుంచకుండా వినడం గత పాఠంలో సాధన చేశాం. ఈసారి అంతకన్నా కష్టమైన పని: తోటి పరిశోధకుడి మీద కోపం వచ్చినప్పుడు, ఆయన స్వభావాన్ని తప్పుపట్టే ముందు, ఆయనకు ఏం తెలుసో, ఏం తెలియదో కనుక్కోవడం.

1950 డిసెంబరులో లండన్ కింగ్స్ కళాశాలలో ప్రయోగశాల అధిపతి జాన్ రాండల్, త్వరలో చేరబోతున్న రోజలిండ్ ఫ్రాంక్లిన్‌కు ఒక ఉత్తరం రాశారు. డీఎన్ఏ మీద ఎక్స్-రే ప్రయోగాలు ప్రస్తుతానికి ఆమె, పరిశోధక విద్యార్థి రేమండ్ గోస్లింగ్ మాత్రమే చేస్తారన్నది అందులోని సారాంశం. అప్పటికే ఆ పనిలో ఉన్న మారిస్ విల్కిన్స్‌కు ఈ ఏర్పాటు గురించి చెప్పలేదు. 1951 జనవరిలో ఆమె చేరేనాటికి ఆయన సెలవులో ఉన్నారు. తిరిగివచ్చిన విల్కిన్స్, తన పనికి తోడుగా ఒక నిపుణురాలు వచ్చారనుకున్నారు. తనకు అప్పగించిన పనిలో ఈయన ఎందుకు తలదూరుస్తున్నారని ఆమె అనుకున్నారు.

ఆమెది ముఖం మీదే వాదించే తీరు, ఆయనది మాట పెరిగితే మౌనంగా తప్పుకునే తీరు కాబట్టి, ఈ గొడవను స్వభావాల ఖాతాలో వేయడం తేలిక. నాకు మాత్రం ఆ ఉత్తరమే ముఖ్యంగా కనిపిస్తుంది: తమకు తెలిసినంతలో ఇద్దరూ సబబుగానే ప్రవర్తించారు. గోస్లింగ్ పర్యవేక్షణ కూడా విల్కిన్స్ నుంచి ఆమెకు మారింది గనుక, ఆ విద్యార్థి ఇద్దరి మధ్యా నిలబడవలసి వచ్చింది. గైడు ఒకటి చెప్పి, కో-గైడు మరొకటి చెబితే స్కాలర్ పరిస్థితి ఎలా ఉంటుందో మన విశ్వవిద్యాలయాల్లో చదివినవారికి వివరించనక్కరలేదు. 1953లో ఫ్రాంక్లిన్ బర్క్‌బెక్ కళాశాలకు వెళ్లిపోయారు.

ఇక అభ్యాసం. మీ బృందంలో ఇద్దరు కలిసి చేస్తున్న ఒక పనిని ఎంచుకుని, అందులో మీ వంతు ఏమిటో మీకు ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పారో ఒక కాగితం మీద రాయండి. ఊహించుకున్నది రాయకండి, ఎవరూ చెప్పకపోతే "ఎవరూ చెప్పలేదు" అనే రాయండి. తోటివారినీ అలాగే రాయమని అడగండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివాక, "నా డేటా మీరెందుకు ముట్టుకున్నారు?" అనే బదులు, "ఈ విశ్లేషణ నన్ను చేయమని సార్ జూన్‌లో చెప్పారండి, మీతో ఏమన్నారు?" అని మొదలుపెట్టండి. వ్యాసంలో మొదటి పేరు ఎవరిదన్న ప్రశ్నను కూడా ఇప్పుడే అడగాలి; వ్యాసం పూర్తయ్యాక అడిగితే అది తగాదా అవుతుంది.

కాగితాలు కలవకపోతే గైడు దగ్గరకు ఇద్దరూ కలిసే వెళ్లండి. విడివిడిగా వెళితే మరో రెండు వేర్వేరు జవాబులతో తిరిగివచ్చే ప్రమాదం ఉంది. పెద్దవారి ముందు నోరు పెగలకపోతే కాగితాలు చూపించి, వారి నిర్ణయాన్ని ఆ గదిలోనే రాసుకుని, ఒకే ఈమెయిల్‌లో అందరికీ పంపండి. ఆ ఈమెయిల్ ప్రతిని దాచుకోండి. నాలుగవ పాఠం దానితోనే మొదలవుతుంది.