మార్పించుకున్న కారు బ్రేకుల అందం, పట్టు రెండూ నిలవాలంటే ఎలా చేయాలి?

కంపెనీ నుంచి వచ్చిన బ్రేకులు తీయించి పెద్ద డిస్కులు, ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే, నాలుగో ఆరో పిస్టన్లున్న రంగు క్యాలిపర్లు, బ్రేక్ ఆయిల్‌ను మోసే స్టీల్ అల్లిక హోసులు (గొట్టాలు) పెట్టించుకున్న కార్లు చెన్నై రోడ్ల మీద తరచుగానే కనిపిస్తున్నాయి. కానీ తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ వంటి చోట్ల ఉప్పుగాలి, చాలా అపార్టుమెంట్లలో వచ్చే చవిటి బోరు నీరు, నడివేసవి ఎండ కలిసి ఆ ముచ్చటను తొందరగానే మాపేస్తాయి. పని మొదలుపెట్టే ముందు ఒక నియమం గుర్తుంచుకోవాలి: డిస్కు మీద ప్యాడ్ ఒరుసుకునే ముఖానికి నీరు, తేలికపాటి సబ్బు, బ్రేక్ క్లీనర్ తప్ప మరేదీ తగలకూడదు. మెరుపు కోసం చేసేదంతా ఆ ముఖానికి వెలుపలే జరగాలి. అన్నట్టు, కారు విడిభాగాల బజారైన జీపీ రోడ్డులో దొరికే ప్లాస్టిక్ క్యాలిపర్ కవర్లు బ్రేకులను మార్చినట్టు కావు. అవి గాలి తగలకుండా అడ్డుపడి వేడిని పెంచగలవు కాబట్టి, ఉంటే తీసేయడమే మేలు.

1. కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయండి

ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలచని పొరగా సమంగా పరుచుకున్నప్పుడే బ్రేకుకు పూర్తి పట్టు వస్తుంది. తెల్లవారుజామున వండలూరు–మీంజూరు అవుటర్ రింగ్ రోడ్డు వంటి ఖాళీ దారిలో, వెనక వాహనం లేదని చూసుకుని, గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు మధ్యస్థంగా నొక్కి తగ్గించి, పూర్తిగా ఆగకుండానే మళ్లీ వేగం అందుకోవాలి. ఇలా ఎనిమిది పది సార్లు చేశాక, బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వాలి. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి చెప్పి ఉంటే దానినే పాటించాలి. వేడి మీద కారు ఆపి పెడల్ నొక్కి ఉంచితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద ఒకేచోట అంటుకుని, తరువాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ అదురుతుంది. "డిస్కు వంగిపోయింది" అని మార్పించేవాటిలో చాలావాటికి అసలు జబ్బు ఇదే.

2. చల్లారాకే కడగండి

కాగిన డిస్కు మీద చన్నీళ్లు పోస్తే అది వంకరపోయే, పగిలే ప్రమాదం ఉంది. చెన్నైలోని తెలుగు కుటుంబాల్లో కొత్త బండికి తొలి దూరప్రయాణం తిరుమలే కావడం మామూలు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. దిగే ఘాట్ రోడ్డులో తక్కువ గేరులో ఇంజన్ పట్టుతో దిగాలి తప్ప బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. అలిపిరి చేరగానే చక్రాల మీద నీళ్లు చల్లకూడదు.

కడిగేటప్పుడు కారును నీడలో పెట్టి, ఒక్కో చక్రం చొప్పున, బాడీకి వాడే బకెట్టు, గుడ్డ కాకుండా వేరేవి వాడాలి. మొదట ధారాళంగా నీళ్లు పోసి వదులు ధూళి పోగొట్టాలి. తరువాత ఆమ్లం లేని, పీహెచ్ న్యూట్రల్ వీల్ క్లీనర్‌ను మెత్తని బ్రష్షుతో క్యాలిపర్ మూలల్లోకి, చక్రం లోపలి గోడకు పట్టించాలి. అయినా వదలని గోధుమ రంగు చుక్కలు ప్యాడ్, డిస్కుల నుంచి రాలి అతుక్కున్న ఇనుప రజను. ఐరన్ రిమూవర్ చల్లితే అవి కరుగుతూ ఊదా రంగు చారలుగా ఊచల వెంట జారుతాయి. ఆ చారలు ఎండక ముందే శుభ్రంగా కడిగేయాలి. ఎండిపోతే మరక నిలుస్తుంది. ఆమ్లపు క్లీనర్లు పెయింటును, అల్యూమినియం మీది రక్షణ పొర అయిన అనోడైజింగ్‌ను పాడుచేస్తాయి కనుక, బయట వాటర్ వాష్‌కు ఇస్తే ఏ క్లీనర్ వాడుతున్నారో అడిగి తెలుసుకోవాలి. ప్రెషర్ గన్‌ను పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు తొడుగుల మీదికి దగ్గరగా పట్టకూడదు.

బోరు నీరు ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి కాబట్టి క్యాలిపర్‌ను వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఆ తరువాత వీధి చివరి వరకు నడిపి మెల్లగా నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే డిస్కు ఆరుతుంది. మర్నాడు ఉదయం డిస్కు మీద నారింజ రంగు పలచని తుప్పు కనిపించినా కంగారు పడనక్కర్లేదు, అది కొద్దిసార్లు బ్రేకు వేసేసరికి పోతుంది. అయితే తడి డిస్కుతో హ్యాండ్ బ్రేకు లాగి రోజుల తరబడి వదిలేస్తే ప్యాడ్ అతుక్కుపోవచ్చు.

3. రంగును కాపాడండి, రంగు చెప్పేది వినండి

మామూలు వ్యాక్స్ క్యాలిపర్ వేడికి నిలవదు. అధిక ఉష్ణోగ్రతకు తట్టుకునే సిరామిక్ కోటింగ్ అయితే ధూళి సులువుగా వదులుతుంది. రాయి తగిలి పెయింటు లేచినచోట క్యాలిపర్ పెయింటుతో సరిచేయవచ్చు. తుప్పు పట్టే డిస్కు మధ్యభాగానికి వేడిని తట్టుకునే పెయింటు వేయవచ్చు కానీ, హబ్‌కు (చక్రం, డిస్కు బిగించే ఇరుసు చివరి భాగం), చక్రానికి ఆనుకునే తలాలకు వేయకూడదు. టైరు నలుపు స్ప్రేను నేరుగా చల్లకుండా స్పాంజికి పట్టించి రాయాలి. దాని తుంపరలు డిస్కు మీద పడితే ఆ చక్రం బ్రేకు జారుతుంది.

ఎర్రని క్యాలిపర్ క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంటే, మళ్లీ పెయింటు వేయించే ముందు అంత వేడి ఎందుకు పుడుతోందో చూపించాలి. ఒక్క చక్రానికే అలా జరిగితే పిస్టన్ బిగుసుకుని ఉండవచ్చు.

4. టార్చి వేసి చూడండి

ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. లోపలి ప్యాడ్ వెలుపలిదానికన్నా బాగా అరిగి ఉంటే, జారే పిన్నుల క్యాలిపర్‌లో పిన్ను బిగిసిందని అనుమానించి, శుభ్రం చేసి సిలికోన్ గ్రీజు పెట్టించాలి. రెండు వైపులా పిస్టన్లుండి, కదలకుండా బిగించి ఉండే ఫిక్స్‌డ్ క్యాలిపర్లలో ఈ జారే పిన్నులు ఉండవు. వాటిలో ప్యాడ్‌ను పట్టి ఉంచే పిన్నులను, క్లిప్పులను చూడాలి. డిస్కు కనీస మందం సాధారణంగా దాని మీదే అచ్చువేసి ఉంటుంది. డిస్కుకు రంధ్రాలుంటే వాటి చుట్టూ వెంట్రుకవాసి గీతలను గమనిస్తూ ఉండాలి. ఒక రంధ్రం నుంచి మరోదానికో, అంచు వరకో పగులు పాకితే ఆ డిస్కును మార్చడమే. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, అల్లిక హోసు టైరుకు గానీ సస్పెన్షన్‌కు గానీ రాసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.

5. బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్పించండి

బ్రేక్ ఆయిల్, మూత తీసిపెట్టిన ఉప్పు డబ్బాలా, గాలిలోని చెమ్మను పీలుస్తుంది. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ అంకెలతో చెబుతారు; వాటిలో డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తడి పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే 260, 180. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది, ఎంత ఖరీదైన క్యాలిపరైనా అప్పుడు అక్కరకు రాదు. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద నడిపేవారు, వానల్లో చక్రాలు మునిగేంత నీటిలో కారు నిలిచిపోయినవారు రెండేళ్లు ఆగకుండా ముందే మార్పించాలి. డాట్ 5 మాత్రం సిలికోన్‌తో చేసినది, దాన్ని మిగిలినవాటితో కలపకూడదు. మార్చేటప్పుడు చుక్క ఒలికినా బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కనుక వెంటనే నీళ్లతో కడగాలి.

6. నట్లను టార్క్ రెంచ్‌తోనే బిగించండి

చక్రం విప్పిన ప్రతిసారీ నట్లను ఒకదానికి ఎదురుగా మరొకటి చొప్పున, కారు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో ఎడాపెడా బిగిస్తే హబ్ మీద డిస్కు సమంగా కూర్చోక అదురు మొదలవుతుంది, అందుచేత అక్కడ చేతి పానాతో బిగించమని అడిగి, ఇంటికొచ్చి టార్క్ రెంచ్‌తో సరిచూసుకోవాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక చక్రాలు చల్లగా ఉన్నప్పుడు మరోసారి చూసుకోవాలి.