ఊరి బడిలో కబడ్డీ కోర్టు వేసే ముందు

మొదటిసారి సర్వీస్ లెర్నింగ్ కోసం మా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ విద్యార్థులతో దేవరకొండ వైపు ఒక హైస్కూల్‌కు వెళ్లినప్పుడు ఫ్లెక్సీ, కప్పులు, క్రికెట్ కిట్టు, ముఖ్య అతిథి అన్నీ సిద్ధం. ఆడపిల్లలు మాత్రం సాయంత్రం దాకా గోడ నీడన కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ ప్లాన్ నాదే. సర్వీస్ లెర్నింగ్ అంటే ఊరికి పనికొచ్చే పని చేస్తూ మన సబ్జెక్టు నేర్చుకోవడం. ఆ రోజు మేం చేసింది ఫొటోల పండగ.

అందుకే మొదటి విజిట్‌కు ఉత్త చేతులతో వెళ్లండి. పీఈటీ సారును అడగండి, మధ్యాహ్న భోజనం వండే అమ్మను కూడా అడగండి. ఏ పిల్ల ఎందుకు ఆడదో ఆమెకు తెలుసు. ఆడపిల్లలతో మన అమ్మాయిలే మాట్లాడాలి. మరుసటేడు అలా అడిగితే ఒక తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది: "కబడ్డీ ఆడుతం అక్కా. గ్రౌండ్ల మొత్తం కంకరే. మోకాళ్లు పగిలితే ఇంట్ల తిడ్తరు." మా సెమిస్టర్ పని అక్కడే తేలిపోయింది.

కంకర ఏరి, జల్లెడ పట్టిన ఎర్రమట్టి పరిచి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లండి. అమ్మాయిల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మూల సరిగ్గా రావాలంటే కొలతల దగ్గర ముడులు వేసిన తాడుతో ఒకవైపు 3 మీటర్లు, ఇంకోవైపు 4 మీటర్లు కొలవండి. ఆ రెండు కొసల మధ్య 5 మీటర్లు రావాలి. చివర్లో రెండు ఐమూలలూ కొలిస్తే ఒక్కోటి 14 మీటర్ల 42 సెంటీమీటర్లు ఉండాలి. ఆ తర్వాతే సున్నం. మావాళ్లు తొందరపడి ముందే గీసి, చెరిపి మళ్లీ గీశారు.

తాగునీళ్ల ఏర్పాటు ముందే చూడండి. నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లు అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావాలి.

రోజూ సాయంత్రం మన విద్యార్థులతో ఒక పేజీ రాయించండి. "కార్యక్రమం విజయవంతంగా ముగిసింది" అని రాస్తే నేను మార్కులు వేయను. ఒకడు ఇలా రాశాడు: "నేను విజిల్ పట్టుకుంటే పిల్లలు ఆట వదిలేసి నా మొహం చూస్తున్నారు. రేపు విజిల్ వాళ్లకే ఇస్తా." వాడికి పదికి పది వేశాను.

తిరిగొచ్చేటప్పుడు ముడులు వేసిన ఆ తాడును బడిలోనే వదిలేయండి. వానలకు గీతలు పోతాయి, మళ్లీ గీసుకోవాల్సింది ఆ పిల్లలే.