దుబాయ్ ప్రయాణం: పెట్టె మూసే ముందు

మహబూబ్‌నగర్ నుంచి మొదటిసారి దుబాయ్‌కి పనికి పోతుంటే, ముందు మసాలా డబ్బా వెతకండి. అమ్మ ప్రేమతో కట్టిన కోడికూర మసాలాలో గసగసాలు ఉండొచ్చు. యూఏఈ చట్టం ప్రకారం అవి మత్తుపదార్థాల కిందికే వస్తాయి, దొరికితే కేసు. "కొంచెమే కదా" అనకండి. ఏమేం వేసి దంచారో ఇంట్లో అడగండి, అనుమానం ఉంటే ఆ పొడి తీసేయండి. సకినాలు, గారెలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

మందుల విషయంలోనూ అంతే జాగ్రత్త. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులకు అక్కడ ముందస్తు అనుమతి కావాలి. బీపీ, షుగర్ మాత్రలు డాక్టర్ చీటీతో పాటు, షీట్ల నుంచి విప్పకుండా తీసుకెళ్లండి. తెలిసినవాళ్లు ఇచ్చే మూట లోపల చూడకుండా తీసుకోవద్దు. మొహమాటపడి ఒప్పుకుంటే ఇబ్బంది పడేది మీరే.

పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. నెయ్యి, పచ్చడి గట్టిగా సీల్ చేసి పెద్ద పెట్టెలో పెట్టండి. ఎండుకొబ్బరి వద్దు.

పాస్‌పోర్ట్‌కు కనీసం 6 నెలల గడువు ఉందా? ఈసీఆర్ పాస్‌పోర్ట్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది) అయితే, పని వీసా మీద పోయేవారికి ఈ-మైగ్రేట్ అనే భారత ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా వచ్చే క్లియరెన్స్ తప్పనిసరి. వీసా, ఒప్పందం జిరాక్స్‌లు ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. విమానానికి 3 గంటల ముందే శంషాబాద్‌లో ఉండేలా బయల్దేరండి, హైవేలో ట్రాఫిక్ టెన్షన్ ఉండదు.