ఇంటి గరాజ్‌లో పాత కమారో – 4వ పాఠం: కీ తిప్పే ముందు ఇంజనుకు నూనె పట్టించడం

కిందటి పాఠంలో విప్పిన ప్రతి బోల్టునూ సంచిలో వేసి పేరు రాసి పెట్టుకున్నాం. ఇవాళ ఇంజను దగ్గరికి వద్దాం. మనం నేర్చుకుంటున్న బండి 1969 షెవర్లే కమారో, ఒహాయో రాష్ట్రం నార్‌వుడ్ ఫ్యాక్టరీలో తయారైనది. లోపల 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఉంది. మీ దగ్గర షెవర్లే వాళ్లదే షెవెల్ ఉన్నా, నోవా ఉన్నా, ఇంజను ఇదే స్మాల్ బ్లాక్ (షెవర్లే చిన్న సైజు వీ8) రకమైతే ఈ పాఠం అలాగే పనికొస్తుంది. ఫోర్డ్ ఇంజనైతే డ్రిల్లు తిప్పే దిశతో సహా కొన్ని మారతాయి కాబట్టి దాని మాన్యువల్ చూసుకోండి.

ఏళ్ల తరబడి కదలని బండి ఇంటికి రాగానే కొత్త బ్యాటరీ పెట్టి కీ తిప్పాలని అందరికీ చేతులు దురద పెడతాయి. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆగిన ఇంజనులో నూనె అంతా కిందికి, సంప్ అనే అడుగు తొట్టిలోకి జారిపోయి ఉంటుంది. సిలిండరు గోడలు ఎండిపోయి, పిస్టన్ రింగుల చుట్టూ సన్నగా తుప్పు పట్టి ఉంటుంది. స్టార్టర్ మోటారుకు ఇవేవీ తెలియవు, దానికి ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజుతుంది. రింగు విరిగినా, నూనె లేని బేరింగు గీసుకుపోయినా ఇంజను మొత్తం విప్పాల్సిందే. చేత్తో అయ్యే పనిని ఖర్చులోకి దింపుకోవడం ఎందుకు?

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. ఈ పని పిల్లలకు అప్పగించవచ్చు. ఒక అట్టముక్క మీద ఎనిమిది బెజ్జాలు చేసి అంకెలు వేయించండి. డ్రైవరు వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7. అవతలి వైపు 2, 4, 6, 8. ఏ సిలిండరు ప్లగ్గు ఆ అంకెలో గుచ్చాలి. తర్వాత అందరూ కూర్చుని వాటిని పరిశీలించండి. లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండరు బాగానే మండింది. తడిగా, నల్లగా, జిడ్డుగా ఉంటే నూనె పైకి ఎక్కుతోందని అర్థం. తుప్పు కనిపిస్తే లోపలికి నీరు చేరింది. మిగతావాటి కంటే ఆ సిలిండరుకే ఎక్కువ ఓపిక కావాలి.

ఇప్పుడు ఇంజనులో ప్లగ్గు తీసిన ఒక్కో బెజ్జంలో రెండు చెంచాల నూనె పోయాలి. మామూలు ఇంజనాయిల్ చాలు. గట్టిగా పట్టేసిందన్న అనుమానం ఉంటే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసే నూనె), అసిటోన్ సగం సగం కలిపి పోస్తారు. అసిటోన్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తండి, గ్యాస్ వాటర్ హీటరు అదే గదిలో ఉంటే దాన్ని ఆపండి, చిన్నపిల్లలను ఆ పూటకు బయటే ఉంచండి. పోశాక కొన్ని రోజులు వదిలేయాలి.

ఆ తర్వాత ఇంజను ముందువైపు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బోల్టుకు 5/8 అంగుళం సాకెట్, పొడవాటి బ్రేకర్ బార్ తగిలించి, ముందు నుంచి చూసేవారికి గడియారం ముల్లు తిరిగే దిశలో మెల్లగా నొక్కండి. ఎదురు దిశలో బలం పెడితే బోల్టే వదులవుతుంది. మా ఇంట్లో ఈ పని మా నాన్నగారిది. తెనాలి దగ్గర మా పొలంలో ఆయిల్ ఇంజనును హ్యాండిలు తిప్పి స్టార్ట్ చేసిన చేతులవి. మిషిగన్‌లో మా దగ్గర ఉన్నప్పుడు బార్ పట్టుకుని, "ఒరేయ్, ఇది కదలను అనటం లేదు, ఇంకాస్త నూనె అడుగుతోంది. బలవంతం చెయ్యమాకు" అన్నారు. పట్టేసిన ఇంజనుకూ నానుతున్న ఇంజనుకూ తేడా అరచేతికి తెలుస్తుంది. రాయిలా నిలబడితే ఆపేసి, మళ్లీ నూనె పోసి, ఇంకొన్ని రోజులు ఆగండి. వెంట్రుకవాసి కదిలినా సంతోషమే. తర్వాతి రోజు ఇంకాస్త వస్తుంది. బార్‌కు పైపు తొడిగి వేలాడటం, సుత్తితో కొట్టడం వద్దు.

రెండు చుట్లు సాఫీగా తిరిగాక పాత నూనె దించండి. పాలలా తెల్లబారితే అందులో నీరు కలిసింది. వెలుతురులో లోహపు మెరుపులు కనిపిస్తే బేరింగులు అరిగాయి. ఈ రెండిట్లో ఏదున్నా ఇక్కడే ఆగి ఇంజను దించే పాఠానికి వెళ్లాలి. అంతా బాగుంటే కొత్త ఫిల్టరుతో 5 క్వార్టులు పోయండి. ఇది ఫ్లాట్ ట్యాపెట్ ఇంజను, వాల్వులను తెరిపించే క్యామ్ ఇరుసు మీద, దాని కదలికను పైకి అందించే లిఫ్టరు నేరుగా రాసుకుంటూ నడుస్తుంది. ఆ రాపిడిని కాచే జింకు, ఫాస్ఫరస్ మిశ్రమాన్ని ఇప్పటి కార్ల నూనెల్లో క్యాటలిటిక్ కన్వర్టరు పాడవకూడదని తగ్గించారు. కాబట్టి ఫ్లాట్ ట్యాపెట్లకు తగినదని డబ్బా మీద రాసి ఉన్న నూనే కొనండి.

ఇక అసలు పని. 1వ సిలిండరు బెజ్జం మీద ఒకరు వేలు పెట్టాలి, ఇంకొకరు క్రాంకు తిప్పాలి. గాలి వేలిని తోసే చుట్టులోనే బ్యాలెన్సరు (క్రాంకు ముందు కొసన ఉండే చక్రం) మీది గీతను పక్కనున్న కొలత పలక మీది సున్నాకు తెచ్చి ఆపండి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీసి, లోపల తిరిగే రోటరు ఎటు చూస్తోందో ఫొటో తీసుకుని, డిస్ట్రిబ్యూటర్‌ను పైకి లాగండి. ఆయిల్ పంపును తిప్పే కడ్డీ ఆ బెజ్జం అడుగున ఉంటుంది. షెవర్లేకు ఒట్టి కడ్డీ చాలదు. డిస్ట్రిబ్యూటర్ ఒళ్లే నూనె దారిలో ఒక గోడగా పనిచేస్తుంది, అది లేకపోతే నూనె పక్కకు కారిపోయి పైదాకా ఎక్కదు. ఒళ్లున్న ప్రైమింగ్ టూల్ విడిగా దొరుకుతుంది, అదే వాడండి.

బెజ్జం పక్కనున్న ప్రెషర్ పోర్టుకు నూనె ఒత్తిడి చూపే మామూలు గేజీ బిగించండి. వాల్వ్ కవర్లు రెండూ తీసేయండి. బలమైన డ్రిల్లును కుడివైపుకు, నెమ్మదిగా తిప్పండి. మొదట తేలిగ్గా తిరిగి, కాసేపటికి ఒక్కసారిగా బరువెక్కుతుంది. మణికట్టు మెలి తిరగకుండా రెండు చేతులతో పట్టుకోండి. అదే క్షణాన గేజీ సూది లేస్తుంది. మా ఆవిడ గేజీ చూసి అంకె చెప్పేది, మా అమ్మాయి టార్చి పట్టుకుని, వాల్వులను నొక్కే రాకర్ల మీద వంగి చూసేది. "తాతయ్యా, మూడోదానికి వచ్చింది!" అంటూ రాకర్లను కింది నుంచి ఎత్తే ఒక్కో పుష్‌రాడ్ కొసన ఊరే నూనెను లెక్కపెట్టింది. మొత్తం పదహారు. అన్నీ ఒకేసారి తడవవు, పావు చుట్టుకోసారి క్రాంకును జరిపి మళ్లీ డ్రిల్లు తిప్పాలి.

ఆ పావు చుట్లన్నీ కలిసి సరిగ్గా రెండు పూర్తి చుట్లు అయ్యాకే ఆపండి. అప్పుడే 1వ సిలిండరు మళ్లీ అదే స్థానానికి వస్తుంది, డిస్ట్రిబ్యూటర్‌ను ఫొటోలో ఉన్నట్టే దించవచ్చు. బ్యాటరీ ఇప్పుడే తగిలించవద్దు. ట్యాంకులో పాతబడిన పెట్రోలు, ఇథనాల్ తాకిడికి మెత్తబడే పాత రబ్బరు గొట్టాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి సంగతి 5వ పాఠంలో.