సంగటి కెలికినా గుండె లెక్క తప్పకుండా: లూప్ రికార్డర్ పెట్టుకున్నవాళ్లకు

చిత్తూరులో మా వీధిలోనే రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాను. ఈసీజీ బాగుంది. ఒకరోజంతా హోల్టర్, అంటే ఒంటి మీద స్టిక్కర్లు అంటించి గుండె దెబ్బలు రాసుకునే యంత్రం, కట్టినా ఏమీ దొరకలేదు. నెలకోసారి వచ్చేది ఆ ఒక్కరోజే వస్తుందా? అందుకే తిరుపతిలో ఛాతీకి ఎడమవైపు, చర్మం కింద లూప్ రికార్డర్ పెట్టారు. గుండె ఎలా కొట్టుకుంటోందో రాత్రీపగలూ కనిపెట్టి రాసుకునే చిన్న యంత్రం అది. అగ్గిపుల్లంత పొడవు, నాలుగు పుల్లలు పక్కపక్కన పేర్చినంత వెడల్పు. అంతే.

మొదటి నెలలోనే గుండె విపరీతంగా పరుగెత్తినట్టు ఒక రికార్డింగ్ ఆసుపత్రికి వెళ్లింది. ఇంట్లో అందరికీ టెన్షన్. టెక్నీషియన్ అబ్బాయి గ్రాఫ్ చూపించి, "అమ్మా, ఈ పొడుగు గీతలు చూడండి, వాటి మధ్య దూరం సమానంగానే ఉంది. మధ్యలో గడ్డి మొలిచినట్టున్నదే, అది మీ చెయ్యి" అన్నాడు. టైము చూస్తే మధ్యాహ్నం పన్నెండున్నర. రెండు చేతులతో తెడ్డు పట్టుకుని సంగటి కెలుకుతున్న సమయం!

కండరాలు బిగిసినప్పుడు వాటిలోనూ సన్నటి కరెంటు పుడుతుంది. యంత్రం రెండు చివర్ల ఉన్న ఎలక్ట్రోడ్లు దాన్నీ వింటాయి. మామూలుగా అయితే వడపోస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే గీత పొడుగ్గా, సూటిగా ఉంటుంది కాబట్టి దాని ఎత్తును బట్టి ఒక గట్టు కట్టుకుని, దాన్ని దాటినవే లెక్కిస్తుంది. ఒక దెబ్బ పడ్డాక క్షణంలో చిన్న భాగం సేపు చెవులు మూసుకుంటుంది, ఒకే దెబ్బను రెండుగా లెక్కపెట్టకుండా. గట్టు దాటేవి మరీ దగ్గరదగ్గరగా వస్తే అది గుండె కాదు, రొద అని పక్కన పెడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు, కోసమైతే ఒక్క గీతను నమ్మదు. దెబ్బల మధ్య ఎడం నిమిషాల తరబడి ఏ వరసా లేకుండా మారుతోందా అని చూస్తుంది. పైన అంటించే స్టిక్కర్లలా చెమటకు ఊడదు, బట్టకు రాసుకోదు. అది పెద్ద మేలు.

అయినా మోసపోతుంది. యంత్రం లోపల కాస్త కదిలి గీత పొట్టిదైతే, దెబ్బ పడినా వినబడక గుండె ఆగిందని రాసుకుంటుంది. అక్కడ మన సాయం కావాలి.

నేను వంటింట్లో క్యాలెండర్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీశాను. టైము, ఒంట్లో ఎలా ఉంది, చేతులు ఏం చేస్తున్నాయి, ఈ మూడూ రాస్తాను. "చేతులు" అన్న గడి తప్పనిసరి: బిందె ఎత్తడం, బట్టలు పిండడం, చపాతీ పిండి కలపడం. దడగా అనిపిస్తే, యంత్రంతో పాటు ఇచ్చిన చేతి రిమోట్ మీది బటన్ నొక్కాలి. ఆలస్యమైందని మానొద్దు, నొక్కకముందు కొన్ని నిమిషాలదీ దాచుకుంటుంది. రాత్రి డేటా పంపే పెట్టె మంచం దగ్గరే ఉండాలి.

డాక్టరు సరేనన్నాక అలిపిరి మెట్లెక్కాను. 3,550 మెట్లకు గుండె వేగం పెరగదా! కానీ మెట్టుమెట్టుకూ మెల్లగా పెరిగి, కూర్చుంటే మెల్లగా తగ్గితే అది శ్రమ. కూర్చునే ఉండగా ఉన్నట్టుండి ఎగిరి, ఉన్నట్టుండి ఆగితే దాన్ని డాక్టరుకు చూపించాల్సిందే. ఎక్కడ ఎంతసేపు కూర్చున్నానో కూడా రాసిపెట్టాను.

ఒకటి మాత్రం మరవకండి. ఇది చూసేదే, వైద్యం చేసేది కాదు. పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా బటన్ నొక్కి ఎదురుచూడొద్దు, 108కి ఫోన్ చేయండి.