గురుస్మృతి రాయడం: నాలుగవ పాఠం – రెండు వరుసల పొరపాటు

గత పాఠం చివర నేను ఇచ్చిన సలహా ఒకటి బెడిసికొట్టింది. సంగీతం నేర్పుతూ వాద్యాలు కూడా తయారుచేసిన గురువు గురించి రాసేముందు కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఒకవైపు ఆయన చెప్పిన పాఠాలను, మరొకవైపు చేత్తో చేసిన పనులను రాసుకోమన్నాను. జ్ఞాపకాలను తవ్వుకోవడానికి చెప్పిన ఆ ఉపాయాన్ని చాలామంది వ్యాసానికే చట్రంగా వాడుకున్నారు. మీరు పంపిన రచనల్లో మొదటి రెండు పేజీలలో ఒక విద్వాంసుడు, మూడవ పేజీలో ఒక వడ్రంగి కనిపించారే తప్ప, వారిద్దరూ ఒకే మనిషి అన్న సంగతి ఎక్కడా తెలియలేదు. తప్పు నాదే కనుక ఈసారి శైలి గురించి చెప్పవలసిన పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్ జీవితాన్ని తీసుకుందాం. నేటి మధ్యప్రదేశ్‌లోని మైహర్ సంస్థానంలో మహారాజా బ్రిజ్‌నాథ్ సింగ్ ఆస్థాన విద్వాంసుడిగా ఉన్న కాలంలో, 1918 ప్రాంతంలో, ఆయన అనాథ పిల్లలను చేరదీసి సంగీతం నేర్పి ఒక వాద్యబృందాన్ని నిలబెట్టారు. మైహర్ బ్యాండ్ అన్నది అదే. ఆ బృందం కోసం తుపాకీ గొట్టాలతో నల్‌తరంగ్ అనే వాద్యాన్ని రూపొందించారు. గొట్టం పొట్టిదైనకొద్దీ స్వరం హెచ్చుతుంది కాబట్టి, వాటిని వేర్వేరు పొడవులలో అమర్చి పుల్లలతో వాయిస్తారు. మీ రెండు వరుసల పద్ధతిలో పిల్లలు ఎడమవైపుకు, గొట్టాలు కుడివైపుకు పోతాయి. నేను మొదట ఇలా కలిపి రాశాను: “ముందురోజు వరకు స్వరమంటే తెలియని పిల్లల కోసం ఆయన తుపాకీ గొట్టాలను స్వరాలుగా మార్చారు.” తరువాత “ముందురోజు వరకు” అన్నది కొట్టివేశాను, అది నేను కల్పించినది, ఆ పిల్లలకు ఏమి తెలుసో నాకెవరూ చెప్పలేదు.

ఆయన వాయించిన తీగవాద్యం సరోద్ విషయం ఇంకా మంచి ఉదాహరణ. రాంపూర్‌లో బీన్ (రుద్రవీణ) విద్వాంసుడైన వజీర్ ఖాన్ వద్ద నేర్చుకున్న ఆయనకు, నిదానంగా సాగే ఆలాపనలో మంద్రస్థాయి నాదం నిలవడం అవసరమైంది. వాద్యాల తయారీలో ఆరితేరిన తమ్ముడు ఆయెత్ అలీ ఖాన్‌తో కలిసి సరోద్ బుర్రను గుండ్రంగా, పెద్దదిగా మార్చారు. మైహర్ సరోద్‌కు 25 తీగలు. అంటే శిష్యుడిగా విన్నది కొయ్యలోకి వెళ్లింది, ఆ కొయ్య నుంచి కొడుకు అలీ అక్బర్ ఖాన్ చేతికి వచ్చింది. ఇక్కడ “శిష్యకోటి” అన్న మాట వాడకండి, నాకు గిట్టదు. అన్నపూర్ణాదేవి, రవిశంకర్, నిఖిల్ బెనర్జీ అని మరో మూడు పేర్లు రాస్తే చాలు.

ఇక నన్ను విసిగించిన సంగతి. వచ్చిన వ్యాసాలలో సగానికి పైగా పుట్టిన తేదీతో మొదలయ్యాయి, అందులోనూ జూలై 1 పుట్టినరోజులే ఎక్కువ. అది మీ గురువు పుట్టినరోజు కాకపోవచ్చు. బడిలో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టరు వేసిన తేదీ కావచ్చు. అల్లాఉద్దీన్ ఖాన్ 1972 సెప్టెంబరు 6న మరణించారన్నది స్థిరమైన విషయం. పుట్టిన సంవత్సరం మాత్రం కొందరు 1862 అంటారు, కొందరు 1881 అంటారు. ఆ పందొమ్మిదేళ్ల తేడాను పట్టించుకోకుండా “110 ఏళ్ల పూర్ణాయుష్కుడు” అని ఎత్తుకుంటే, ఆ అంకె తప్పని తేలిననాడు మీరు రాసిన నిజాలను కూడా పాఠకుడు అనుమానిస్తాడు. రెండు సంవత్సరాలనూ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగండి. మీ గురువు విషయంలోనైతే తేదీ అడగవద్దు, సంఘటన అడగండి: 1977లో దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి ఆయనకు పెళ్లయిందా, మొదటి వీణ చేశారా, పెద్దబ్బాయి పుట్టాడా అని అడిగితే, తేదీ చెప్పలేని ముసలమ్మ కూడా వెంటనే జవాబు చెబుతుంది. ఆధారం లేని తేదీ కన్నా తేదీ లేకపోవడమే మేలని నేను మొదటి పాఠంలో కూడా చెప్పాను.

వచ్చినవాటిలో నాకు నచ్చిన వ్యాసం ఒక్కటే ఉంది. వీణకు మేళం కట్టేటప్పుడు, అంటే మెట్లను మైనంతో అమర్చేటప్పుడు, మాస్టారు మైనం మీద మెట్టును కొద్దికొద్దిగా జరుపుతూ, ఎదురుగా కూర్చున్న శిష్యురాలిని “ఇప్పుడు సరిపోయిందా?” అని అడిగేవారట. ఆమె “సరిపోయింది” అన్నచోట మెట్టు తప్పుగా ఉన్నా, ఆ సాయంత్రం వరకు అలాగే ఉంచి, ఆమె చేతనే వాయింపించి, తప్పు ఆమెకే వినబడిన తరువాత మళ్లీ మైనం కరిగించేవారట. ఇది ఏ వరుసలోకి పోతుందో చెప్పండి.

అభ్యాసం: పాత కాగితాన్ని చింపివేసి, గురువు చేతిలో ఒక వాద్యం, ఎదురుగా ఒక శిష్యుడు ఉన్న ఒకే ఒక్క పూటను నలభై వాక్యాలలో రాయండి. గొప్ప, మహా, అద్భుతం అన్న మాటలు రాకూడదు. రాసింది ఆ పూట అక్కడ ఉన్న మరొకరికి చదివి వినిపించి, వారు కాదన్న ప్రతి వాక్యాన్ని కొట్టివేసి, మిగిలినది మాత్రమే పంపండి. పన్నెండు వాక్యాలే మిగిలినా పంపండి.